మామ మైక్ సెట్, అజారుద్దీన్ సెంచరీ, అమ్మమ్మ పాట

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, ఇంజనీరును కాబట్టి చెరువుల గురించో, కాలువల గురించో రాస్తాననుకున్నారు. బడి గురించి, మన గురువుల గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. అందుకే ముప్పై ఏళ్లుగా నేను వెంటపడి పోగు చేస్తున్న పాత గ్రామఫోన్ రికార్డుల గురించి, చిన్నప్పుడు మనందరం చెవి కోసుకుని విన్న క్రికెట్ కామెంట్రీ గురించి రాస్తున్నాను. ఈ రెండింటికీ సంబంధమేమిటని అడగవద్దు. చదివితే తెలుస్తుంది. చివర మీ అందరికీ ఒక విన్నపం ఉంది. దానికోసమే ఇదంతా.

లక్కలో దాచిన గొంతు

మన సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో వచ్చింది. రికార్డు అంతకు ఎన్నో ఏళ్ల ముందే, బస్సుల మీదా ఎడ్లబండ్ల మీదా వచ్చేసింది. అది ఎక్కడి నుంచి బయలుదేరిందో ముందు చెబుతాను.

1902 చివర్లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోన్ కంపెనీ తరఫున లండన్ నుంచి కలకత్తా వచ్చాడు. ఒక హోటల్ గదిలో యంత్రం బిగించి అక్కడి గాయనీ గాయకులతో పాడించుకున్నాడు. వాళ్లలో గౌహర్ జాన్ పేరు చరిత్రలో నిలిచింది. ఆమె రికార్డుల్లో పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పడం వినిపిస్తుంది. అప్పట్లో రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్లకు ఆ గొంతు ఎవరిదో తెలియడానికే అలా చెప్పేదంటారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక రికార్డులు మన దేశంలోనే తయారయ్యాయి. తర్వాత ఆ పని డమ్‌డమ్‌కు మారింది.

ఆ నల్లటి రికార్డులో ఉండేదేమిటి? ముఖ్యమైనది లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే లక్కే. లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ అదే. దాన్ని శుద్ధి చేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు మీద ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. కరెంటు అక్కర్లేదు. హ్యాండిల్‌తో స్ప్రింగ్‌కు కీ ఇస్తే చాలు. స్ప్రింగ్ బిగువుగా ఉన్నప్పుడూ వదులైనప్పుడూ చక్రం ఒకే వేగంతో తిరగాలంటే ఒక గవర్నర్ కావాలి. మూడు చిన్న బరువులు గిర్రున తిరుగుతూ, వేగం పెరిగితే బయటికి జరిగి బ్రేకు వేస్తాయి. ఇంజనీరింగ్‌లో ఆవిరి యంత్రం గవర్నర్ పాఠం వచ్చినప్పుడు, దాన్ని అంతకుముందే మామ దుకాణంలో విప్పి చూసినవాణ్ని క్లాసులో నేనొక్కణ్నే. సూది కదలికను శబ్దంగా మార్చే పలుచని బిళ్ల అభ్రకంతో చేసేవారు. మన నెల్లూరు వైపు గూడూరు గనుల్లో దొరికే ఖనిజమే అది.

ఈ మూడు నిమిషాల కొలత మన తెలుగు పాట చరిత్రలో పెద్ద పాత్ర వహించిందని నా అభిప్రాయం. గంటసేపు సాగే కచేరీ అందులో ఇమడదు. రాత్రంతా సాగే కథ అసలే ఇమడదు. కాని నాటక పద్యం ఇముడుతుంది. ముందు కాస్త రాగం, తర్వాత నాలుగు పాదాల పద్యం, చివర మళ్లీ రాగం పాడితే మూడు నిమిషాలు సరిపోతాయి. అందుకే స్టేజీ నటుల పద్యాలు రికార్డుల మీద అంతగా వెలిగాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, హరిశ్చంద్రుడిగా డి.వి. సుబ్బారావు, శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ వేసిన స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య వంటి వాళ్ల గొంతులు వాళ్లను స్టేజీ మీద ఎన్నడూ చూడని పల్లెలకు కూడా చేరాయి.

మామ మైక్ సెట్

నాకు ఈ లోకం తెలిసింది మా మేనమామ వల్ల. ఆయనకు సిద్దిపేటలో మైక్ సెట్ దుకాణం ఉండేది. ఒక ఆహుజా యాంప్లిఫయర్, రెండు హారన్లు, ఒక రికార్డ్ ప్లేయర్, నాలుగు ట్రంకు పెట్టెల నిండా రికార్డులు. అందులో ఒక పెట్టె మా తాతది. అందులో అన్నీ 78లే. మిగతావి మామ కొన్న 45లు, ఎల్.పి.లు. పెళ్లిళ్లు, పండుగలు, ఎన్నికలు, చావులు, దేనికైనా మైకు మామదే.

రికార్డులతో ఆయన పని చూస్తే, ఏ పూట ఏ పాట వేయాలో ఆయనకు ఒక శాస్త్రమే ఉండేదనిపించేది. పొద్దున పందిరి వేసేటప్పుడు ఘంటసాల వేంకటేశ్వర స్తుతి. పెళ్లివారు దిగేటప్పుడు సినిమా పాటలు. రాత్రి భోజనాలయ్యాక ముసలివాళ్లు అడిగితే తాత పెట్టెలోని పద్యాలు. చావు ఇంట్లో ఘంటసాల భగవద్గీత. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ రికార్డు వినిపించిందంటే వాడకట్టులో ఎవరో పోయారని అర్థం చేసుకునే పరిస్థితి వచ్చింది. గీతను అలా చావుకు కట్టేయడం మామకు ఇష్టముండేది కాదు. అయినా అడిగినవాళ్లకు కాదనలేదు.

నా అభిమాన రికార్డుల్లో మొదటిది ఆ పెట్టెల్లోదే. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలకు ఘంటసాల గొంతునిచ్చిన పుష్పవిలాపం. ఆరో తరగతిలో అది విని వారం రోజులు ఇంట్లో పూలు తెంపనివ్వలేదని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

అయితే ఆ నాలుగు పెట్టెల్లో లేనిదేమిటో చాలా ఏళ్లకు గాని గుర్తించలేదు. కొమురవెల్లి మల్లన్న పట్నాల్లో మనం విన్న ఒగ్గుకథ అందులో లేదు. చిందు యక్షగానం లేదు. చేర్యాల నకాశీ పటం విప్పి, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ రాత్రుళ్లు చెప్పే కుల పురాణాలు లేవు. బతుకమ్మ చుట్టూ మన తల్లులు పాడిన పాటలు లేవు. ఇవాళ నా దగ్గర నాలుగు వందలకు పైగా 78 రికార్డులున్నాయి. వాటిలోనూ ఇవేవీ లేవు. తెలుగు రికార్డుల వ్యాపారం ప్రధానంగా మద్రాసులో నడిచింది. అక్కడికి వెళ్లగలిగినవాళ్ల గొంతే లక్కలోకి ఎక్కింది. మన ఒగ్గు పూజారిని మద్రాసు ఎవరు పిలుస్తారు? పిలిచినా మూడు నిమిషాల్లో ఆయన ఏం చెబుతాడు? మన ప్రాంతపు పాట పెద్ద ఎత్తున సినిమాకెక్కడానికి 1979లో తీసిన ‘మా భూమి’ దాకా ఆగవలసి వచ్చింది. దాని నిర్మాత బి. నర్సింగరావు మన గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్ బిడ్డ కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

లెక్కల సార్ చెప్పిన సగటు

ఇక క్రికెట్. హైదరాబాద్‌లో మొదటి టెస్టు 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో జరిగింది. కెప్టెన్ మన హైదరాబాదీ గులాం అహ్మద్. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అదే. ఈ సంగతి మామ ఎన్నిసార్లు చెప్పేవాడో లెక్కలేదు.

మా బ్యాచ్ పదో తరగతి చదివింది 1984-85లో. ఆ ఏడు ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చింది. హైదరాబాద్ కుర్రాడు అజారుద్దీన్ కలకత్తాలో తన మొదటి టెస్టులోనే 110 కొట్టాడు. మద్రాసులో 48, 105. కాన్పూర్‌లో 122, నాటౌట్‌గా 54. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. బడికి ట్రాన్సిస్టర్ తెచ్చే ధైర్యం మాలో ఇద్దరికే ఉండేది. మిగతావాళ్లం ఇంటర్వల్‌లో బయట దుకాణం రేడియో దగ్గర మూగేవాళ్లం.

కాన్పూర్ టెస్టు అయిపోయిన మర్నాడు మన లెక్కల సార్ బోర్డు మీద ఈ అయిదు స్కోర్లు రాసి, “సగటు చెప్పండ్రా” అన్నారు. మొత్తం 439. అయిదుతో భాగిస్తే 87.8 అని అందరం ఒకేసారి అరిచాం. సార్ తల అడ్డంగా ఊపారు. చివరి ఇన్నింగ్స్‌లో అతను ఔట్ కాలేదు, కాబట్టి నాలుగుతో భాగించాలి, 109.75 అన్నారు. “ఆడిందేమో అయిదుసార్లు, నాలుగుతో ఎందుకు సార్?” అని నేను అడిగాను. “ఆ ఆట ఇంకా అయిపోలేదు కదరా. అయిపోనిదాన్ని అయిపోయినట్టు లెక్కకట్టొద్దు” అన్నారు. నలభై ఏళ్లు దాటినా ఆ మాట మరచిపోలేదు. పనిలో అంచనాలు వేసేటప్పుడు కూడా చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ మార్చి 10న మెల్‌బోర్న్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో మన జట్టు పాకిస్తాన్‌ను ఓడించింది. అది మాకు పదో తరగతి పరీక్షల నెల. ఆ మ్యాచ్ వల్ల ఎవరెవరికి ఎన్ని మార్కులు తగ్గాయో ఇక్కడ రాయను. వాళ్లలో కొందరు ఇప్పుడు హెడ్‌మాస్టర్లు.

నేను చేసిన తప్పు

ఈ వ్యాసంలో అసలు చెప్పవలసింది ఇదే. ఇప్పటిదాకా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లో మన వైపు నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు సెలవులకు వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చేవారు. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే పెట్టెలో. చదువు రాని అమ్మలు కొడుకులకు ఉత్తరాలు రాయించే బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపడం కూడా అప్పుడే మొదలైంది. మామ అలాంటి ఒక టూ-ఇన్-వన్ కొన్నాడు. 1982లో సద్దుల బతుకమ్మ నాడు దాన్ని అమ్మమ్మ ఊరికి తీసుకుపోయి, ఆమె పాడుతుంటే గంటసేపు రికార్డు చేశాడు. ఊళ్లో పాట ఎత్తుకునేది అమ్మమ్మే. మిగతా ఆడవాళ్లు ఉయ్యాలో అని అందుకునేవారు. మరుసటి ఏడు వానాకాలంలో అమ్మమ్మ చనిపోయింది.

కాన్పూర్ టెస్టు నాడు అజారుద్దీన్ మూడో సెంచరీకి దగ్గరపడుతున్నాడు. కామెంట్రీని దాచుకోవాలని నాకు ఆశ పుట్టింది. మామ గూట్లో ఒక క్యాసెట్ కనబడింది. దానిమీద ఏమీ రాసిలేదు. ఖాళీదనుకుని టూ-ఇన్-వన్‌లో పెట్టి రికార్డు బటన్ నొక్కాను. ఒక వైపు నిండింది. తిప్పి రెండో వైపు పెట్టాను. చివర కాస్త మిగిలి ఉండగా ఆపేశాను.

నెల రోజుల తర్వాత మామ ఆ క్యాసెట్ పెట్టుకున్నాడు. హిందీ కామెంట్రీ వచ్చింది. రెండో వైపు తిప్పాడు. అదే. చివరిదాకా వదిలేశాడు. ఉన్నట్టుండి కామెంట్రీ ఆగి అమ్మమ్మ గొంతు వచ్చింది. నాలుగు నిమిషాలు. తర్వాత టేప్ అయిపోయింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. మామ నన్ను తిట్టలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని క్యాసెట్ వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచాడు. అవి లేకపోతే దానిమీద మళ్లీ రికార్డు కాదు. “ఇగ దీనిమీద ఎవ్వరు ఎక్కియ్యద్దు” అని మాత్రం అన్నాడు. ఆ పని ముందే చేసి ఉంటే బాగుండేదని ఆయనా అనుకుని ఉంటాడు.

నేను ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరేసరికి పెళ్లిళ్లలో రికార్డుల స్థానం క్యాసెట్లు తీసుకున్నాయి. నేను ఊళ్లో లేనప్పుడు మామ నాలుగు పెట్టెలూ పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేశాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, “వినెటోళ్లు లేరు అల్లుడా. దుకాణం కిరాయి కట్టాలె గదా” అన్నాడు. అప్పటి నుంచే నా సేకరణ మొదలైంది. జుమ్మెరాత్ బజార్‌లో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, ఎర్రగడ్డ సంతలో తిరిగాను. మామ తన రికార్డుల లేబుళ్ల మీద నీలం సిరాతో నంబర్లు వేసేవాడు. ఏ రికార్డు చేతికొచ్చినా ముందు నీలం సిరా కోసం చూసేవాణ్ని. ఒక్కటి కూడా దొరకలేదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేల సంఖ్యలో 78 రికార్డులు కూడబెట్టి, వాటి వివరాలు తేదీలతో సహా చెప్పగలిగే స్థాయికి వెళ్లారు. నాది ఆ స్థాయి కాదు. నేను వెతికింది పోగొట్టుకున్న నాలుగు పెట్టెల్ని మాత్రమే.

పిట్స్‌బర్గ్‌లో ఒక ప్రశ్న

2004లో ఉద్యోగం పని మీద అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఏడాదిన్నర ఉన్నాను. మనవాళ్లకు ఆ ఊరు పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుసు. నాకు మాత్రం గుడి తర్వాత అలవాటైన చోటు ఒక పాత రికార్డుల దుకాణం. నడిపేది ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక నల్లజాతి పెద్దమనిషి. జాజ్ సంగీతాన్ని నాకు పరిచయం చేసింది ఆయనే.

జాజ్‌లో పాట ఒక చట్రం మాత్రమే. వాయించేవాడు ప్రతిసారీ దాన్ని అక్కడికక్కడ కొత్తగా అల్లుకుంటాడు. నాకు అది వింత అనిపించలేదు. పద్యం అదే అయినా రఘురామయ్య ప్రతిసారీ వేరే రాగం తీయడం విన్న చెవులు మనవి. ఆ దుకాణంలో నేను కొన్న మొదటి రికార్డు ఎరోల్ గార్నర్ పియానో కచేరీ, ‘కాన్సర్ట్ బై ద సీ’. గార్నర్ ఆ ఊళ్లోనే పుట్టాడు. స్వరాలు కాగితం మీద చదవడం రాదు. 1955లో కాలిఫోర్నియాలో జరిగిన ఆ కచేరీని రికార్డుగా విడుదల చేయాలని ఎవరూ అనుకోలేదు. ఎవరో పక్కన టేప్ పెట్టుకుంటే గార్నర్ మేనేజరు ఆ టేప్‌ను తీసుకుంది. శబ్దం అంత బాగుండదు. అయినా జాజ్‌లో బాగా అమ్ముడుపోయిన రికార్డుల్లో అది ఒకటైంది.

ఆ పెద్దమనిషికి రెండో పిచ్చి బేస్‌బాల్. మన క్రికెట్‌లాగే బ్యాటూ బంతీ ఆట. ఒకప్పుడు నల్లవాళ్లను అక్కడి పెద్ద లీగుల్లోకి రానిచ్చేవారు కాదు. వాళ్లు తమ లీగులు తామే నడుపుకున్నారు. పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ అనే జట్టు యజమాని గస్ గ్రీన్లీ. జాజ్‌కు పేరుపడ్డ క్రాఫర్డ్ గ్రిల్ అనే హోటల్ కూడా ఆయనదే. అంటే ఆ వాడలో పాటకూ ఆటకూ యజమాని ఒక్కడే. ఆ జట్టులో, తర్వాత హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులో ఆడిన జోష్ గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలల తర్వాత, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టి ఆ గోడను బద్దలు కొట్టాడు.

దుకాణం పెద్దాయన తన తండ్రి చేత్తో రాసిన స్కోరు కాగితాలు ఒక డబ్బాలో దాచుకున్నాడు. “ఇవి పుస్తకాల్లో లేవు. లేనంత మాత్రాన ఆడలేదని కాదుగా” అన్నాడు. ఇంకో రోజు బడీ బోల్డెన్ గురించి చెప్పాడు. న్యూ ఆర్లీన్స్‌లో కార్నెట్ వాయించేవాడు. జాజ్‌కు ఆద్యుడని చాలామంది చెప్పుకునే మనిషి. 1907లో మతి చెడి ఆసుపత్రి పాలై, 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ నేటికీ దొరకలేదు. మొదటి జాజ్ రికార్డుగా 1917లో విడుదలైనదాన్ని వాయించింది తెల్లవాళ్ల బృందం.

ఆ సంగతి విని, మా దేశంలోనూ ఇంతే, మా జిల్లా పాటలేవీ రికార్డుల్లో లేవని చెప్పాను. మాటల్లో అమ్మమ్మ గురించి కూడా వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. “మరి ఆ నాలుగు నిమిషాలు ఎక్కడున్నాయి?” నా దగ్గర జవాబు లేదు. ప్రపంచమంతా తిరిగి ఇతరుల పాటలు కొంటున్నాను. ఇంటి క్యాసెట్ ఏమైందో ఇరవై ఏళ్లుగా అడగలేదు.

2024 మేలో వచ్చిన ఒక వార్త చూసి ఆయన గుర్తొచ్చాడు. పాత పత్రికల్లో అచ్చయిన స్కోరు పట్టికల్ని పరిశోధకులూ అభిమానులూ ఏళ్ల తరబడి ఏరి కూర్చారు. వాటి ఆధారంగా నల్లవాళ్ల లీగుల లెక్కల్ని అమెరికా పెద్ద లీగుల లెక్కల్లో కలిపారు. అంతే, టై కాబ్ పేరిట ఉన్న .367 బ్యాటింగ్ సగటు రెండో స్థానానికి పోయింది. మొదటి స్థానంలో .372తో జోష్ గిబ్సన్ పేరు చేరింది. చనిపోయిన 77 ఏళ్లకు. అయిపోనిదాన్ని అయిపోయినట్టు లెక్కకట్టొద్దన్న మన సార్ ఉంటే ఈ వార్త ఆయనకు చెప్పేవాణ్ని.

నాలుగు నిమిషాలు

అమెరికా నుంచి రాగానే క్యాసెట్ గురించి అడిగాను. మామ దాన్ని బిస్కెట్ డబ్బాలో, గుడ్డ చుట్టి దాచాడు. మంచి డెక్ సంపాదించి, హెడ్ శుభ్రం చేసి, దాని కోణాన్ని చిన్న స్క్రూతో కొద్దికొద్దిగా తిప్పి సరిచేస్తే, మూసుకుపోయినట్టున్న గొంతు తెరుచుకుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

ఆ నాలుగు నిమిషాల్లో అమ్మమ్మ పాడుతూ ఒకచోట మరచిపోతుంది. పక్కనున్న ఒకామె అందిస్తుంది. మధ్యలో ఎవరినో కందిలి పక్కకు పెట్టమని కేకేస్తుంది. మళ్లీ ఎత్తుకుని, పాటలోకి తన ఊరి బావుల పేర్లు తెచ్చుకుంటుంది. గచ్చుబావి, ఊరబావి, చింతల బావి. మొదట విన్నప్పుడు అవి నాకు ఉత్త పేర్లే.

ఇప్పుడు ఆ ఊరు లేదు. మల్లన్నసాగర్ ముంపులో పోయిన ఊళ్లలో అదొకటి. యాభై టి.ఎం.సి.ల ఆ రిజర్వాయర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. కరువు చూసిన నేల మీద పుట్టిన ఇంజనీరుగా ఆ నీళ్ల విలువ నాకు తెలుసు. ఆ నీళ్ల అడుగున ఏముందో కూడా తెలుసు. మ్యాపుల్లో ఆ ఊరి పేరు వెతికితే దొరుకుతుందేమో గాని, బావుల పేర్లు దొరకవు. నాకు తెలిసి అవి ఉన్నది ఆ క్యాసెట్ చివరి నాలుగు నిమిషాల్లోనే. మిగిలిన యాభై ఆరు నిమిషాల్లో ఇంకేమేం ఉండేవో అనుకోని బతుకమ్మ పండుగ నాకు లేదు.

ఇదీ నా విన్నపం. మన బ్యాచ్‌ల వాళ్ల ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పాత రికార్డులు, పెళ్లి క్యాసెట్లు, దుబాయ్ నుంచి నాన్న మాట్లాడి పంపిన క్యాసెట్ ఉత్తరాలు, స్కూలు మ్యాచ్‌ల స్కోరు పుస్తకాలు. దయచేసి పారేయకండి. కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

78 రికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, నిలబెట్టి ఉంచండి. స్పిరిట్‌తో తుడవవద్దు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఎల్.పి. సూదితో 78లు వాయించవద్దు, వాటి గాడి వెడల్పు వేరు. క్యాసెట్ వెనక పలుకులు ఉంటే ఇవాళే విరిచేయండి. టేప్ మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లే చేయకుండా ముందు నాకు చెప్పండి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక రెండు వేర్వేరు చోట్ల దాచండి. అన్నిటికంటే ముఖ్యం, దానిమీద రాయండి. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ ఏడు. మా మామ ఆ క్యాసెట్ మీద ఒక్క మాట రాసి ఉంటే నేను ఈ వ్యాసం వేరేగా రాసేవాణ్ని.

స్వర్ణోత్సవాల రెండు రోజులూ మన బడిలో ఒక గది ఇస్తామని సంఘం ఒప్పుకుంది. నా డెక్కు, రికార్డ్ ప్లేయరు, కంప్యూటరు తెచ్చి అక్కడే కూర్చుంటాను. మీరు తెచ్చినవి మీ ముందే ఎక్కించి, అసలుది మీ చేతికే ఇస్తాను. డబ్బులు అక్కర్లేదు.

మామకు ఇప్పుడు 82 ఏళ్లు. కిందటి నెల ఆ నాలుగు నిమిషాలు ఆయనకు వినిపించి, అమ్మమ్మ వెనక ఉయ్యాలో అంటున్న ఆడవాళ్లెవరో అడిగాను. కళ్లు మూసుకుని ఒక్కో గొంతూ గుర్తుపట్టి ఏడుగురి పేర్లు చెప్పాడు, రాసుకున్నాను. ఇంకా రెండు గొంతులున్నాయి. మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించాను. “యాదికొస్తలేదు అల్లుడా” అన్నాడు. పదేళ్ల కింద అడిగి ఉంటే వచ్చేవేమో. మీ ఇంట్లో అడగవలసినవాళ్లు ఉంటే ఈ ఆదివారమే అడగండి.